ఇల్లు - ఇల్లాలు : చలికాలానికి చౌకైన సూపులు



"పట్నంలో మా ఆడపడుచు సాయంత్రం పూట పిల్లలకు ప్యాకెట్టు సూపు కలిపి ఇస్తోంది. రోజూ అలా కొనే స్తోమతు మాకు లేదు. ఇంట్లో చేసుకునే విధానం చెప్పండి" అని ఒక సహోదరి అడిగారు. అడగవలసిన మాటే. అయితే సూపు మనకు కొత్త వస్తువేమీ కాదు. పప్పు ఉడికిన నీళ్లు తేర్చి తాలింపు పెడితే కట్టు, మిరియాలు దంచి వేస్తే మిరియాల చారు, పిండి కలిపి కాస్తే జావ. మన అమ్మమ్మలు వీటితోనే చలికాలాలు గడిపారు. చదువుకున్న పిల్లల చేత ఆ ప్యాకెట్టు వెనుక అచ్చువేసిన వివరాలు ఒకసారి చదివించుకోండి. చాలావాటిలో మొక్కజొన్న గంజిపిండి లేక మైదా, చక్కెర, ఉప్పు ముందుంటాయి, కూరగాయల పొడి ఆ తరువాత వస్తుంది. డబ్బు పెట్టి గంజిపిండి కొనుక్కోవడం దేనికి?

ముందుగా ఉలవల సంగతి. ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టే ఇళ్లలో ఆ నీళ్లతో చారు కాచుకోవడం కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో పాత అలవాటే. ఇప్పుడు ఎడ్లు తగ్గాయి, ఉలవచారు మాత్రం హోటళ్లకు ఎక్కి కూర్చుంది. పావుకిలో ఉలవలు రాళ్లు ఏరి, కడిగి, రాత్రి నానబెట్టండి. మరునాడు రెండు లీటర్ల నీళ్లు పోసి, గింజ వేళ్ల మధ్య మెత్తగా చితికేదాకా ఉడకనివ్వండి. కుక్కరు లేకపోతే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. అన్నం, కూర అయిపోయాక పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద వదిలేస్తే కట్టెలు కలిసి వస్తాయి. ఉడికిన నీళ్లు వంచి, గింజల్లో రెండు గుప్పెళ్లు తీసి రోట్లో మెత్తగా రుబ్బి ఆ నీళ్లలోనే కలపాలి. నిమ్మకాయంత చింతపండు పులుసు, ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు, పసుపు, తగినంత ఉప్పు వేసి చిక్కబడేదాకా కాచండి. ఆవాలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకుతో తాలింపు పెడితే ఐదారుగురికి సరిపోతుంది.

మిగిలిన గింజలను పారేయకండి, గేదెకు పెట్టకండి. ఉల్లిపాయ, ఎండుమిరపకాయ తాలింపు వేసి గుగ్గిళ్లు చేసి పిల్లల చేతిలో పెట్టండి. వంద గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అందులో ఎక్కువ భాగం గింజలోనే నిలిచిపోతుంది, నీళ్లలోకి దిగేది తక్కువ.

అసలు నేను ముఖ్యంగా చెప్పదలచింది ఇదే. "పప్పులో సారమంతా కట్టులో ఉంది" అని మన పల్లెల్లో గట్టి నమ్మకం. తొమ్మిది, పది నెలల బిడ్డకు పైన తేరిన నీళ్లు గ్లాసుతో పట్టి, "బాగా తాగాడు" అని తల్లి సంతోషిస్తుంది. బిడ్డ కడుపు చిన్నది. అది నీళ్లతో నిండిపోతే ఆకలి చచ్చిపోతుంది, ఒంట్లోకి బలం మాత్రం చేరదు. నెలనెలా తూకం వేయించినప్పుడు అంగన్‌వాడీ టీచరు అదే బరువు రాస్తూ ఉంటుంది, ఇంట్లో దిష్టి తగిలిందనుకుంటారు. ఆరు నెలల వరకు తల్లిపాలు చాలు, నీళ్లు కూడా అక్కర్లేదు. ఆరు నెలలు నిండాక తల్లిపాలు ఇస్తూనే మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. ఆ పప్పు, అన్నం మెత్తగా మెదిపి చెంచాలో తీస్తే జారిపోకుండా నిలవాలి. దానిపైన అర చెంచా నూనె గాని నెయ్యి గాని వేయండి. పెద్దవాళ్లకు పలచని చారు ఎంతైనా పోయండి, బిడ్డకు మాత్రం చిక్కనిదే పెట్టండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. గిన్నెలో అడుగున చిక్కగా ఉన్నది మగవారికి, అత్తమామలకు వడ్డించి, పైన నీళ్లలో ఇంత అన్నం కలుపుకుని ఇల్లాలు చివర తినడం చాలా ఇళ్లలో చూస్తున్నాం. పాలిచ్చే తల్లి, నెలలు నిండుతున్న తల్లి అలా తింటే ఆ ఇంట్లో ఎంత మంచి సూపు కాచినా ఏం లాభం? వడ్డించే ముందే గరిటెతో అడుగు నుంచి కలిపి అందరికీ సమానంగా పోయండి. అత్తగారు ఉన్న ఇంట్లో ఈ మాట అత్తగారే అంటే ఇంకా బాగుంటుంది.

మునగాకు ఊరికే దొరుకుతుంది. గుప్పెడు కందిపప్పు లేక పెసరపప్పు మెత్తగా ఉడికించి మెదిపి, రెండు గుప్పెళ్ల లేత మునగాకు, ఒక టమాటా, చిన్న అల్లం ముక్క వేసి లీటరు నీళ్లు పోసి పది నిమిషాలు కాయండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. దించిన తరువాతే నిమ్మరసం పిండాలి, పొయ్యి మీద ఉండగా పిండితే అందులోని సి విటమిన్ వేడికి పోతుంది. ఆకులోని, పప్పులోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ నిమ్మరసం సాయపడుతుంది. భోజనం అవగానే టీ తాగే అలవాటు దానికి అడ్డం వస్తుంది. టీ గంట ఆగి తాగితే నష్టం లేదు.

కందిపప్పు ప్రియమైనప్పుడు ఎర్ర పప్పు, అంటే మసూరు పప్పు వాడుకోవచ్చు. ఇది త్వరగా ఉడుకుతుంది. యాకోబు ఏశావుకు పెట్టిన వంటకాన్ని మన బైబిలులో చిక్కుడుకాయల వంటకమని చదువుతాం గాని, మూలభాషలోని మాట ఈ పప్పుజాతి పేరే.

సూపు చిక్కబడడానికి కొన్న పిండి ఏదీ అక్కర్లేదు. లీటరు సూపుకు మూడు పెద్ద చెంచాల రాగిపిండిని ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న కూరగాయల నీళ్లలో పోసి, పచ్చివాసన పోయేదాకా ఎనిమిది, పది నిమిషాలు తిప్పండి. ముల్లంగి, క్యారెట్, పాలకూర, పచ్చి బఠాణీ ఈ కాలంలో సంతలో చౌకగా దొరుకుతాయి. ముల్లంగి లేత ఆకు కూడా సన్నగా తరిగి వేసుకోవచ్చు.

గుడ్డు తినే ఇంట్లో మిరియాల చారు మరుగుతుండగా, బాగా గిలకొట్టిన గుడ్డును సన్నని ధారగా పోస్తూ తిప్పండి. రెండు నిమిషాలు ఉడికితే తీగలు తీగలుగా తేలుతుంది. ఇద్దరికి ఒక గుడ్డు చొప్పున లెక్క.

ఎముకల చారు తాగితే ఎముకలు గట్టిపడతాయని చాలామంది అంటారు. రుచి బాగుంటుంది, కొంత కొవ్వు దిగుతుంది గాని ఎముకలోని కాల్షియం నీళ్లలోకి వచ్చేది బహు కొద్ది. మాంసం కొనలేక ఎముకలు తెచ్చుకున్న రోజున హైదరాబాదు వారు దాల్చా చేసినట్లు శనగపప్పు, సొరకాయ ముక్కలు కలిపి ఉడికించండి. అప్పుడది కడుపు నింపే తిండి అవుతుంది.

వృద్ధులు చలికాలంలో దాహం తెలియక నీళ్లు తక్కువ తాగుతారు. వారికి సాయంత్రం గ్లాసెడు వేడి చారు మంచిది. రక్తపోటు ఉన్నవారికి ఉప్పు తగ్గించి, మిరియాలు, నిమ్మరసంతో రుచి తేవాలి.

మిరియాల చారు గొంతుకు హాయినిస్తుంది, కఫాన్ని వదులు చేస్తుంది. న్యుమోనియాకు మాత్రం అది మందు కాదు. దగ్గుతున్న బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా చారుతో కాలయాపన చేయకండి. బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 40, లేక అంతకు మించి వస్తే ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

చింతపులుసు వేసే చారును కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో కాయకండి, లోహం దిగి వాంతులు అవుతాయి. మట్టికుండ గాని స్టీలు గిన్నె గాని మేలు. దించిన గిన్నెను పాకే పిల్లలకు అందే చోట నేల మీద పెట్టవద్దు.

డిసెంబరు రాత్రుల్లో క్రిస్మస్ పాటల బృందం మీ ఇంటికి వస్తే టీకి బదులు ఇది పోసి చూడండి. ఇరవై మందికి అరకిలో ఎర్ర పప్పు, కిలో టమాటాలు, వంద గ్రాముల అల్లం, రెండు వెల్లుల్లి గడ్డలు, రెండు చెంచాల మిరియాలు, ఒక కట్ట కొత్తిమీర, నాలుగు లీటర్ల నీళ్లు కావాలి. పప్పు, టమాటాలు సాయంత్రమే ఉడికించి మెదిపి ఉంచుకుంటే, వీధి చివర డోలక్ వినబడ్డాక పొయ్యి వెలిగించినా సరిపోతుంది.