రౌటరు మనింట్లో, తాళంచెవి వాళ్ళ జేబులో

2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా రాజాం శ్రీకాకుళం జిల్లాలోంచి విజయనగరం జిల్లాలోకి వెళ్ళిపోయింది. జిల్లా మారింది, కలెక్టరాఫీసు మారింది, మా ఇంట్లో రౌటరు ఫర్మ్‌వేరు మాత్రం మారలేదు. బిగించిన రోజు ఏది ఉందో ఇప్పటికీ అదే!

మొన్నామధ్య ఓ నెల ఇంటి నుంచే పని చేసుకుందామని ఊరెళ్ళా. పగలంతా బ్రహ్మాండం. సాయంత్రం ఏడు దాటితే మీటింగులో నా గొంతు ముక్కలు ముక్కలు. కేబుల్ కుర్రాడికి ఫోన్ చేస్తే ఒకటే మంత్రం: "ఓపాలి ఆపీసి ఎయ్యండన్నా." ఆపి వేశాం. అరగంట బాగుంది, తర్వాత మళ్ళీ మామూలే. రెండోసారి చేస్తే, "పెద్ద ప్లాను తీసుకోండి, ఇంకేటీ అవ్వదు" అన్నాడు. నాన్న తీసుకున్నారు. మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే కథ. నిన్ను ఇంజనీరింగ్ చదివించింది ఎందుకురా అన్నట్టు నాన్న నావైపు ఓ చూపు చూశారు.

పౌరుషం వచ్చింది. లాప్‌టాప్‌ని తీగతోనే రౌటరుకి తగిలించి పింగ్ కొట్టా. రౌటరుకి ఒక మిల్లీ సెకను. బయటికి పాతిక. అంతా బానే ఉంది కదా అనుకుంటుండగా మేనల్లుడి ఫోను ఫొటోలు బ్యాకప్ చెయ్యడం మొదలెట్టింది. పాతిక కాస్తా తొమ్మిది వందలు అయ్యింది! బ్యాకప్ ఆపితే మళ్ళీ పాతిక. అంటే తప్పు వైఫైది కాదు, గోడలది కాదు, ప్లానుది అసలే కాదు.

ఈ జబ్బు పేరు బఫర్‌బ్లోట్. సిరిమాను రోజు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర జనాన్ని తలుచుకోండి. చేతిలో చిన్న సంచీతో పక్క వీధికి పోవాల్సినవాడు కూడా ఆ గుంపు కదిలేదాకా నిలబడాల్సిందే. ఫొటోల పాకెట్లు ఆ గుంపు, నా మాటల పాకెట్లు ఆ సంచీవాడు. రౌటరు మహాతల్లి ఒక్క పాకెట్టూ పారెయ్యకుండా అన్నిటినీ ఒకే పొడుగాటి వరసలో నిలబెడుతుంది. రోడ్డు వెడల్పు చేస్తే గుంపు ఇంకాస్త పెరుగుతుంది, అంతే. కావలసింది వరసలు విడగొట్టే పోలీసు.

ఆ పోలీసు ఎప్పుడో పుట్టాడు. ఎఫ్‌క్యూ కోడెల్ 2012లోనే లినక్స్ కెర్నెల్లోకి వచ్చింది, 2018 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 8290గా అచ్చయ్యింది. మందు కనిపెట్టి పుష్కరం దాటిపోయింది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో ఎస్‌క్యూఎం అనే పేజీలో ఒక టిక్కు, రెండు అంకెలు. మా ఇంటికొచ్చిన డబ్బాలో ఆ పేజీ లేదు. ఉందేమో చూద్దామన్నా అడ్మిన్ పాస్‌వర్డు ఇవ్వరు. అడిగితే, "అది ఇవ్వకూడదండి, పైనోల్లు ఒప్పుకోరు" అన్నారు. పోనీ బ్రిడ్జి మోడ్‌లో పెట్టమంటే అదీ కుదరదట. కరెంటు బిల్లు మాది, దుమ్ము తుడిచేది మా అమ్మ, పెత్తనం మాత్రం వాళ్ళది!

చివరికి ఆ డబ్బా వెనకాల నా సొంత రౌటరు పెట్టి, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కించి, అప్‌లోడ్‌ని కొలిచిన వేగంలో 90 శాతానికి కట్టేశా. వరస ఇప్పుడు నా రౌటర్లో పడుతుంది కాబట్టి సర్దేది కూడా అదే. బ్యాకప్ నడుస్తుండగా పింగ్ నలభై దాటలేదు. నాన్న మళ్ళీ పాత చిన్న ప్లానుకే వచ్చేశారు. డబుల్ న్యాట్ అని ముక్కు విరిచేవాళ్ళు విరవండి, మా మీటింగులు మాత్రం నడుస్తున్నాయి.

"జనానికి తాళమిస్తే రేడియో పవరు పెంచేసి అందరి సిగ్నలూ పాడుచేస్తారు" అనేది వాళ్ళ పెద్ద వాదన. ఆ భయంలో కొంత నిజముంది. కానీ 2016లో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. పవరు హద్దుల విషయంలో టీపీ-లింక్‌కి ఎఫ్‌సీసీ రెండు లక్షల డాలర్ల జరిమానా వేసింది. అదే ఒప్పందంలో, బయటి ఫర్మ్‌వేరు ఎక్కించుకునే దారి చూస్తామని ఆ కంపెనీ చేత ఒప్పించింది కూడా. రేడియోకి కంచె వెయ్యడానికి ఇల్లంతటికీ తాళం వెయ్యక్కర్లేదని సాక్షాత్తూ ఆ పోలీసే చెప్పాడన్నమాట.

అసలు ఈ డబ్బాలు చాలావాటిలో నడిచేదే లినక్స్. 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీలో లినక్స్ ఉందని కొందరు కనిపెట్టి నిలదీస్తే 2003లో సోర్సు బయటికొచ్చింది. అందులోంచే 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ మొదలైంది. పదిమంది ఊరికే రాసిచ్చింది వాడుకుని, ఆ పదిమందికే తలుపు వేస్తే ఎలా?

మనవాళ్ళకీ నాలుగు చివాట్లు పెట్టాలి. రోగమేదో తెలియకుండానే ఫ్లాష్ చేసేస్తాం. కస్టమ్ ఫర్మ్‌వేరు కాంక్రీటు గోడకి కన్నం పెట్టదు. రౌటరు ఎంత గట్టిగా అరిచినా ఫోను తిరిగి అంత గట్టిగా అరవలేదు, కాబట్టి పవరు పెంచి లాభం లేదు. ముందు 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానెళ్ళలో ఏది ఖాళీగా ఉందో చూడండి. మోడల్ పేరు ఒకటే అయినా అడుగున స్టిక్కరు మీద హార్డ్‌వేరు వెర్షను వేరైతే లోపల చిప్పే వేరు కావచ్చు. ఫ్లాష్ చేసేటప్పుడు తీగ వాడండి, ఇన్వర్టరు మీద ఉంచండి. మన ఊళ్ళ కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా! 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ మెమరీ ఉన్న పాత డబ్బాలకి 2022లోనే నూకలు చెల్లిపోయాయి, వాటి జోలికి పోకండి.

నేను అడిగేవి మూడే. అడిగిన ప్రతి వినియోగదారుడికీ బ్రిడ్జి మోడ్ ఇవ్వాలి. ఎన్నాళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారో అట్టపెట్టె మీద అచ్చెయ్యాలి. ఆ గడువు తీరాక బూట్‌లోడరు తాళం తీసెయ్యాలి. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. ఎవరైనా ఏదైనా ఎక్కించుకోగలిగేలా ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వన్ అనే రౌటరు 2024 నవంబర్లో మార్కెట్లోకి వచ్చి చూపించింది.

హైదరాబాదులో, బెంగుళూరులో కూర్చుని లక్షల మంది వాడే సర్వర్లు కాపాడుతున్నాం. మన అమ్మానాన్నల ఇంట్లో సర్వీసు ఆగితే మాత్రం "ఆపి వెయ్యండి" అని మనమూ అదే మంత్రం చదువుతున్నాం. ఈసారి సంక్రాంతికి వెళ్ళినప్పుడు అరిసెలు తినే ముందు ఒక్క పావుగంట ఆ డబ్బా ముందు కూర్చోండి. బ్యాకప్ నడుస్తుండగా పింగ్ కొట్టండి. ఆ అంకె చూశాక కోపం రాకపోతే అప్పుడు నన్ను తిట్టండి.