మందు పోసే నాయనమ్మకూ చెప్పండి



హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డ గురించి ఆస్పత్రిలో ఏం చెప్పినా తల్లికే చెబుతారు. మా దామరచర్ల, మిర్యాలగూడ పల్లెల్లో మాత్రం చాలా ఇళ్లలో బిడ్డను చూసుకునేది అమ్మమ్మో నాయనమ్మో. మిరపకోతలకు పొద్దున్నే ఆటో ఎక్కిన తల్లి ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. తల్లి ఒప్పుకుంటే ఆ పెద్దావిడకు కూడా కౌన్సెలింగ్ ఇవ్వాలని నా విన్నపం.

బిడ్డకు వైరస్ సోకకుండా పుట్టగానే మొదలుపెట్టే నెవిరపిన్ సిరప్ మామూలుగా ఆరు వారాలే. అన్నాళ్లూ ఇంటిల్లిపాదీ భయభయంగా కనిపెట్టుకుని ఉంటారు. చిక్కంతా ఆ తర్వాతే. ఆరో వారం నుంచి, వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా కాపాడే కోట్రైమోక్సజోల్ మందు రోజూ పోయాలి. ఆరు వారాలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఏడాదిన్నరకు పరీక్షలు చేయించాలి. చివరి పరీక్షలో వైరస్ సోకలేదని తేలేదాకా మందు ఆపకూడదు. బొద్దుగా ఆడుకునే పిల్లాణ్ని చూసి "బాగానే ఉన్నాడుగా, ఇంకా మందెందుకు?" అనే నాయనమ్మది మొండితనం కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

చెబితే ఎంత శ్రద్ధగా చేస్తారో అంగన్‌వాడీ టీచరుగా కళ్లారా చూశాను. ఊరి పేరు రాయను. ఒకావిడకు నెవిరపిన్ సిరంజి మీది సన్నగీతలు ఆనేవి కావు. ఒకటిన్నర మిల్లీలీటరు గీత దగ్గర ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టించుకుంది. బిడ్డ కక్కితే ఏం చేయాలని నర్సమ్మను అడిగి, అరగంటలోపైతే మళ్లీ పోయాలని తెలుసుకుంది. రోజూ సాయంత్రం దీపం పెట్టగానే మందు పోసేది.

గుట్టు బయటపడుతుందన్న భయం నిజమైనదే. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆ సంగతి మామూలుగా అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు. తల్లి వద్దంటే జబ్బు పేరు ఎత్తకుండానే కొలత, వేళ నేర్పొచ్చు. కుటుంబాన్ని నడిపే పన్నెండేళ్ల అక్కను సైతం, తగిన అవగాహన ఉంటే, తమ్ముడి వైద్యానికి సంరక్షకురాలిగా ఒప్పుకున్న చట్టమది. అలాంటప్పుడు నాయనమ్మను వరండాలోనే కూర్చోబెట్టడం ఏం న్యాయం?

ఇంకొక్క మాట. మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు బస్సు ఛార్జీ తప్పింది గానీ, ఆస్పత్రికి వెళ్లిన రోజు కూలి పోతూనే ఉంది. తల్లి మందులకు, బిడ్డ పరీక్షకు ఒకే తేదీ ఇవ్వండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కౌన్సెలింగ్ చేసేవారు "ఇంట్లో మందు ఎవరు పోస్తారమ్మా?" అని తల్లిని అడిగి, ఆమె సరేనంటే ఆ మనిషిని అదే రోజు వెంట తెచ్చుకోమనండి.

— విశ్రాంత అంగన్‌వాడీ టీచర్, వాడపల్లి