ఎడమ నుంచి మూడో వ్యక్తి

కత్తెర, జిగురు బజార్లో దొరుకుతాయి. ఫొటోలో ఉన్నదెవరో చెప్పగల మనిషి మాత్రం ఇంటికి ఒకరో ఇద్దరో

పాత ఇంటిని అపార్ట్‌మెంట్ల కోసం బిల్డర్‌కు అప్పగించే ముందు అటక ఖాళీ చేయాల్సి వస్తుంది. ఇత్తడి గుండిగలు, ఉయ్యాల గొలుసులు, పగిలిన జాడీలు ఒక్కొక్కటే కిందికి దిగుతాయి. వాటి వెనక తుప్పు పట్టిన ట్రంకుపెట్టె. అందులో పాత పట్టుచీర ముక్కలో చుట్టిన ఫొటోలు. ఒక ఫొటోలో ఆరుగురు. తాతయ్యను అందరూ పోల్చుకుంటారు. పక్కన ఆయన తమ్ముడు. కుర్చీలో కూర్చున్నది తాతమ్మ. ముందు నిలబడ్డ పిల్లలిద్దరూ ఎవరన్నది కాసేపు వాదించుకున్నాక తేలుతుంది. ఎడమ నుంచి మూడో వ్యక్తి దగ్గర అందరూ ఆగిపోతారు. ఇరవై ఏళ్లుంటాయేమో. జడలో పూలు, చేతిలో పుస్తకం. ‘‘పెద్దత్తయ్యకైతే తెలిసేది’’ అంటారెవరో. పెద్దత్తయ్య పోయి రెండేళ్లయింది. ఫొటో తిప్పి చూస్తే స్టూడియో ముద్ర ఉంటుంది. పేర్లుండవు.

ఆమె ఆ ఇంటి మనిషే అయి ఉండాలి. లేకపోతే కుటుంబం ఫొటోలో అలా నడిమధ్య నిలబెట్టరు. ఆమె చేతి వంట తిన్నవాళ్లు, ఆమెతో పోట్లాడినవాళ్లు, ఆమె పెళ్లికో చదువుకో అప్పు చేసినవాళ్లు ఒకప్పుడు ఉండే ఉంటారు. ఇప్పుడామె ‘ఎవరో ఒకావిడ’. కుటుంబ జ్ఞాపకాలతో స్క్రాప్‌బుక్ తయారుచేయాలనుకునేవారు రంగు కాగితాలు కొనబోయే ముందు కాసేపు ఆలోచించాల్సింది ఈమె గురించే.

స్క్రాప్‌బుక్ అన్న మాట తెలుగు ఇళ్లలోకి బడి ద్వారా వచ్చింది. పేపర్లోంచి పక్షుల బొమ్మలో, క్రికెటర్ల బొమ్మలో కత్తిరించి అతికించి మార్కులు తెచ్చుకున్న తరం ఇప్పుడు నలభైలు దాటింది. తర్వాత కొన్నాళ్లు ఆర్కుట్ పుణ్యమా అని కుర్రకారు నోట ఆ మాట నానింది. ఒకరి స్క్రాప్‌బుక్‌లో ఒకరు రాసుకున్న కబుర్లకూ పుట్టినరోజు శుభాకాంక్షలకూ నీడనిచ్చిన ఆ సైటు 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అమెరికాలో ఈ వ్యాపకానికి పెద్ద చరిత్రే ఉంది. ముందే జిగురు పూసిన పేజీల స్క్రాప్‌బుక్‌కు రచయిత మార్క్ ట్వైన్ 1873లో పేటెంటు తీసుకున్నాడు. పన్నెండంగుళాల చదరపు పేజీలు, స్టిక్కర్లు, రిబ్బన్లతో అక్కడ అదొక పరిశ్రమగా ఎదిగింది. మనవడి మొదటి పుట్టినరోజుకు డాలస్ వెళ్లిన అమ్మమ్మలు అలాంటి పుస్తకం ఒకటి చేతబట్టుకుని తిరిగొస్తున్నారు.

నిజానికి పేరే కొత్త. వస్తువు మనకు పాతదే. వెనకటి ఇళ్లలో వసారాలో మేకుకు ఒక ఇనప కొక్కెం వేలాడేది. వచ్చిన ఉత్తరాన్నల్లా దానికి గుచ్చేవారు. అడుగున పాతవి, పైన కొత్తవి. పసుపు పూసిన శుభలేఖ అంచులు మధ్యమధ్య కనిపించేవి. పిల్లలు పుట్టిన తేదీ, నక్షత్రం, గంటలు నిమిషాలతో సహా పంచాంగం అట్ట లోపల రాసి పెట్టేవారు. పద్దుల పుస్తకం చివర్లో కూతురి పెళ్లి చదివింపుల జాబితా ఉండేది. ఆ జాబితా ఒక్కటి చాలు, కుటుంబానికి ఎవరు దగ్గరో, ఎవరు మొహమాటానికి వచ్చి వెళ్లారో రూపాయి అణాలతో సహా తెలిసిపోవడానికి. హరిద్వార్‌లో పండాల దగ్గర తరతరాలుగా యాత్రికుల కుటుంబాల జనన మరణాలు, వివాహాలు నమోదైన పొడుగాటి చిట్టాలున్నాయి. వాటిని మైక్రోఫిల్మ్ తీసే పని 1977లో మొదలుపెట్టింది ఎక్కడో అమెరికాలోని ఉటా రాష్ట్రపు వంశావళి సంఘం.

అయితే ఈ రాతల్లో చాలాభాగం మగవాళ్లు మగవాళ్ల గురించి రాసుకున్నవి. తద్దినం నాడు మూడు తరాల పేర్లు పలుకుతారు. నాలుగో తరం దాటితే వాళ్లకూ పేర్లుండవనుకోండి. ఆడవాళ్ల విషయానికొస్తే అంతదాకా కూడా పోనక్కర్లేదు. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. ఆ తర్వాత ‘పెద్దకోడలు’, ‘రాజమండ్రి పిన్ని’, ‘మాస్టారి భార్య’. సొంత పేరు రేషన్ కార్డులో తప్ప వినిపించదు. ఇక ఫొటోల సంగతా? 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు. అది సంపన్నుల ముచ్చట. మామూలు ఇళ్లలో ఒకావిడ జీవితం మొత్తానికి రెండు మూడు ఫొటోలే ఉండటం మొన్నమొన్నటి మాట. ఒకటి పెళ్లిది, ఒకటి అందరితో కలిసి దిగింది, మూడోది గోడ మీద దండ వేయడానికి పెద్దది చేయించింది.

కాబట్టి స్క్రాప్‌బుక్ పనిలో మొదటి వారం కత్తెర ముట్టనవసరం లేదు. ఇంట్లో అందరికంటే పెద్దావిడ పక్కన కూర్చోవాలి. ఫోన్లో రికార్డింగ్ నొక్కి పక్కన పెట్టాలి. ఒక్కో ఫొటో చేతికివ్వాలి. ‘‘ఈవిడ ఎవరు అమ్మమ్మా?’’ అంటే ‘‘మా ఆడబడుచు’’ అన్న జవాబు వస్తుంది. అక్కడితో ఆగితే పని చెడినట్టే. ‘‘ఈ చీర ఎక్కడ కొన్నారు?’’, ‘‘ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారు?’’, ‘‘ఫొటో తీసిందెవరు?’’ అని అడగాలి. చీర దగ్గర మొదలైన మాట, దాన్ని కొనడానికి అమ్మిన గేదె మీదుగా, ఆ సంవత్సరం పోయిన పంట దాకా వెళుతుంది. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాయాలి. ‘‘మా అత్తగారు నన్ను సినిమాకి పంపలేదు, వాళ్లమ్మాయిని పంపింది’’ అన్న వాక్యాన్ని ‘అత్తింటి క్రమశిక్షణ’గా దిద్దే మనవరాళ్లుంటారు. అలాంటివారికి పెన్ను ఇవ్వకపోవడం మేలు.

వరసలతో మరో చిక్కు. పేజీ కింద ‘అత్తయ్య’ అని రాస్తే ఎవరికి అత్తయ్య? రాసినవాళ్లకా, చదివేవాళ్లకా? ప్రతి ఇంట్లోనూ ఒక బుజ్జి ఉంటుంది. రెండు తరాలు గడిస్తే ముగ్గురు బుజ్జిలవుతారు. పూర్తి పేరు, ఆడవాళ్లయితే పుట్టింటి ఇంటిపేరు కూడా, ఆ తర్వాత వరస రాస్తే గొడవుండదు.

తేదీలకూ తర్జుమా కావాలి. పెద్దవాళ్ల కేలండర్ వేరు. దివిసీమ వైపు ‘ఉప్పెన వచ్చిన ఏడు’ అంటే 1977. పాత హైదరాబాదీ కుటుంబాల్లో ‘మూసీ పొంగిన ఏడు’ అంటే 1908. ‘పోలీసు చర్యప్పుడు’ అంటే 1948 సెప్టెంబరు. జాతకం కాగితంలో పింగళ నామ సంవత్సరం అని ఉంటే తొందరపడి రాసేయకూడదు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. అది 1977-78 కావచ్చు, 1917-18 కావచ్చు. జాతకుడు తండ్రా, తాతా అన్నది తేల్చుకున్నాకే అంకె వేయాలి.

ఇక పుస్తకం సంగతి. కుటుంబ ఫొటోలకు చాలా హాని చేసింది అందంగా దాచుదామనుకున్నవారే. ఎనభైల్లో, తొంభైల్లో ఇంటింటా వెలసిన ఆల్బమ్‌లను గుర్తు తెచ్చుకోండి. జిగట గీతల అట్ట, దాని మీద పారదర్శకమైన పొర. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపు రంగుకు తిరిగి ఫొటోను పట్టేస్తుంది. బలవంతంగా లాగితే చిరుగుతుంది. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని ఫొటో వెనక నుంచి రంపంలా మెల్లగా లాగితే చాలాసార్లు ఊడివస్తుంది. రాకపోతే పేజీలో ఉన్నదాన్ని ఉన్నట్టే స్కాన్ చేసి వదిలేయడం నయం. పీవీసీ కవర్లదీ ఇదే కథ. పాలీప్రొపిలీన్ కవర్లు అడిగి తీసుకోవాలి. పాత ఫొటోలకూ సర్టిఫికెట్లకూ లామినేషన్ చేయించడం మనవాళ్లకు మహా ఇష్టం. వేడికి కరిగి పట్టుకున్న ఆ పొరను మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం.

అసలు ఫొటోను అతికించనే కూడదు. స్కాన్ చేసి ప్రింటు తీసి, ఆ కాపీని కత్తిరించినా, అంచులు గుండ్రంగా చేసినా, పక్కన ముగ్గు గీసినా ఎవరికీ నష్టం లేదు. అసలైనవి ఆమ్లం లేని కాగితపు కవర్లలో విడిగా ఉండాలి. వెనక రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో, అంచున, నొక్కకుండా రాయాలి. బాల్‌పెన్ గాడి ముందువైపు మొహాల మీద తేలుతుంది. పేజీలకు జైపూర్ దగ్గరి సాంగనేర్‌లో తయారయ్యే నూలు గుడ్డపీలికల కాగితం లాంటిది మంచిది. న్యూస్‌ప్రింట్‌లో కలప గుజ్జు తాలూకు లిగ్నిన్ ఉంటుంది కనుక పత్రికల కటింగులు పచ్చబడి, పక్కనున్న ఫొటోనూ పాడుచేస్తాయి. వాటికీ ఫొటోకాపీయే గతి. ఆర్టీసీ కండక్టరు మిషన్‌లోంచి చింపి ఇచ్చే టికెట్టు, ఏటీఎం చీటీ థర్మల్ కాగితం మీద అచ్చయినవి. కొన్నేళ్లకు తెల్ల కాగితాలే మిగులుతాయి. ఇంట్లో కాచిన మైదా జిగురు చవకే, కానీ రామబాణం పురుగులకు అది విందుభోజనం.

డెబ్భైలు, ఎనభైల నాటి కలర్ ఫొటోల విషయంలోనే తొందరపడాలి. వాటిలో రంగులు ఒకే వేగంతో వెలిసిపోవు. నీలి ఛాయ ముందుగా పోయిన ఫొటోల్లో పెళ్లిపందిరంతా ఎర్రబారి కనిపిస్తుంది. వెండితో ఏర్పడే బ్లాక్ అండ్ వైట్ బొమ్మ అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. తాతయ్య పెళ్లి చెక్కుచెదరకుండా ఉండి, నాన్న పెళ్లి వెలిసిపోవడం వెనక రహస్యం ఇదే.

నీరు మరో శత్రువు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు ఫ్రిజ్‌లు, టీవీలతోపాటు బీరువా అడుగు అరలోని ఆల్బమ్‌లూ బురదలో నానాయి. ఫ్రిజ్ మళ్లీ కొనుక్కోవచ్చు. తడిసిన ఫొటోలను దొంతరగా ఆరనిస్తే అట్టకట్టుకుపోతాయి. తడిగా ఉండగానే ఒక్కొక్కటే విడదీసి, శుభ్రమైన చల్లని నీటిలో ముంచి తీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. వెంటనే తీరిక లేకపోతే మధ్యమధ్య మైనపు కాగితం పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే కొంత వ్యవధి దొరుకుతుంది. అసలు ఆల్బమ్‌లు అడుగు అరలో ఎందుకున్నాయన్నది వేరే ప్రశ్న. వాటిపైన అరలో పట్టుచీరలుంటాయి మరి.

అన్నిటికంటే కష్టమైన పేజీలు వేరే ఉన్నాయి. చావు కబురు తెచ్చిన కార్డును చదివి చించేయడం మనవాళ్ల ఆనవాయితీ. శుభలేఖలన్నీ మిగిలాయి, ఆ కార్డులు మిగల్లేదు. పురిట్లో పోయిన బిడ్డ, కులం కాని పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన బాబాయి, విడాకులు తీసుకున్న కోడలు ఆల్బమ్‌లో కనిపించరు. కొన్ని ఫొటోల్లో వాళ్లున్న చోట కత్తెర పెట్టిన గుర్తు కనిపిస్తుంది. భుజం మీద చెయ్యి మిగిలి ఉంటుంది, చెయ్యి వేసిన మనిషి ఉండడు. అందరి పేర్లూ రాసి తీరాలని పట్టుబట్టడం బయటివాళ్లకు తేలిక. బతికున్నవారి గాయం పచ్చిగా ఉంటే ఆ పేజీని విడిగా కవర్లో పెట్టి ఉంచడం ఒక పద్ధతి. కత్తిరించడం మాత్రం వద్దు. మనవలకు ఆ బాబాయే అందరికంటే నచ్చవచ్చు.

ఇన్ని అవస్థలెందుకు, అన్నీ ఫోన్లోనే ఉన్నాయిగా అనేవారుంటారు. ఉన్నాయి, వేలకొద్దీ. అన్నప్రాశన ఒక్కటికే మూడొందల ఫొటోలు, వాటి మధ్య గుడ్ మార్నింగ్ గులాబీలు, కరెంటు బిల్లు స్క్రీన్‌షాట్లు. పాస్‌వర్డ్ తెలిసిన మనిషి పోయాక ఆ ఫోన్ కూడా తుప్పు పట్టిన ట్రంకుపెట్టే, పైగా తాళం పగలగొట్టడానికి వీల్లేనిది. ఏడాదికి పాతిక ఫొటోలు ఏరి ప్రింటు వేయించి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాస్తే పండగ సెలవుల్లో ఒక మధ్యాహ్నం సరిపోతుంది. ఏ పాతిక అన్న దగ్గరే భార్యాభర్తలకు సాయంత్రమవుతుంది.

ఆ ఆరుగురి ఫొటో విషయానికొస్తే, చేయగలిగింది ఇంకా కొంత ఉంది. కాపీలు తీసి నెల్లూరు, ఖమ్మం, బళ్లారి, ఎక్కడ చుట్టాలుంటే అక్కడికి పంపడం. ఫోన్ తెరమీద పెద్దవాళ్లకు మొహాలు ఆనవు కాబట్టి కాగితం మీదే, పెద్ద సైజులో. పేజీలో ఫొటో పక్కన ఆరు ఆకారాల గీతబొమ్మ గీసి అంకెలు వేయడం. ఒకాయన తన తాతగారి రెండో చెల్లెలేమో అంటాడు. ఇంకొకావిడ కాదు, ఎదురింటి టీచరమ్మ అయి ఉంటుంది, ఆ పుస్తకం చూడండి అంటుంది. మూడో అంకె ఎదురుగా పెన్సిల్‌తో రెండు పేర్లు, రెండింటి పక్కనా ప్రశ్నార్థకాలు, చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ. దాని కింద రెండంగుళాల ఖాళీ.