గొంతు సవరించుకోమని ఎవరు చెప్పారు?

మొన్న ఆగస్టులో కర్నూల్లో జరిగిన ఒక శిక్షణ శిబిరంలో, మూడో రోజు సాయంత్రం, ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి పాట పాడింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. చేతిలో వాయిద్యం లేదు. మధ్యాహ్నం అన్నం తిన్న స్టీలు పళ్ళెం బోర్లించి, గరిటెతో దాని మీద దరువు వేసింది. పాట సుగ్గి గురించి. దీపావళి దాటగానే ఇంటికి తాళం వేసుకుని గుంటూరు మిరపచేలకు పోవడం, లారీలో ముసలమ్మనీ మేకపిల్లనీ ఒకేచోట కుక్కడం, చేలో వేసుకున్న గుడిసెకు కరెంటు లేకపోవడం, మేస్త్రీ చెయ్యి ఎక్కడెక్కడికి పోతుందో, రాత్రిపూట బయటికి పోవాలంటే ఎంతమంది జత కూడాలో అన్నీ అందులో వున్నాయి. రాగం లేదు. అరుపు వుంది. మేస్త్రీని తిట్టిన తిట్లు వున్నాయి, ఆ తిట్లే పల్లవి. అంతా కలిపి రెండు నిమిషాలు.

అయిపోగానే శిబిరం నడుపుతున్న పెద్దావిడ, "బాగుంది గానీ అమ్మా, కాస్త గొంతు సవరించుకుని, ఆ మాటలు తీసేసి, ఏదైనా తెలిసిన సినిమా ట్యూనుకి పెట్టుకుంటే మన సభల్లో వాడుకోవచ్చు" అన్నారు. ఆ అమ్మాయి పళ్ళెం తీసుకుని కడగడానికి వెళ్ళిపోయింది. మిగతా రెండు రోజులూ మళ్ళీ పాడలేదు. ఆ గదిలో ముప్పై ఏళ్ళుగా పంక్ సంగీతం వింటున్న మనిషి ఒకరు కూర్చుని వున్నారు. అది నేనే. నోరు తెరవలేదు. ఆ రోజు అనవలసిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

పంక్ ఏమిటి, కర్నూలు ఏమిటి అని మీరు నవ్వవచ్చు. తొంభైల మధ్యలో హైదరాబాదులో చదువుకుంటున్న స్నేహితురాలు ఒక క్యాసెట్ ఇచ్చింది. కాపీకి కాపీ తీసిన క్యాసెట్, సగం గరగర. అందులో 1977లో లండన్ లో ఎక్స్-రే స్పెక్స్ అనే బ్యాండ్ పాడిన పాట వుంది. పాడింది పాలీ స్టైరీన్. అప్పటికి ఇరవై ఏళ్ళ పిల్ల. తండ్రి సోమాలియా వాడు, తల్లి బ్రిటిష్ ఆవిడ. పళ్ళకు క్లిప్పులు పెట్టుకుని, అందంగా కనపడాలనే పట్టింపే లేకుండా, ఆడపిల్లల్ని కనబడాలేగాని వినబడకూడదనే లోకం మీద అరిచింది. నాకు మాటలు సగం కూడా అర్థం కాలేదు. కోపం మాత్రం పూర్తిగా అర్థమైంది. మా ఇంట్లో ఆడవాళ్ళ కోపం ఎప్పుడూ వంటింటి గిన్నెల చప్పుడు దాటి బయటికి రాలేదు మరి!

పంక్ కి గిటారు మీద మూడు స్వరమేళాలు వస్తే చాలు. గురువు అక్కర్లేదు, గాత్రశుద్ధి అక్కర్లేదు, పెద్ద కంపెనీ అక్కర్లేదు. చెప్పాల్సింది వున్నవాళ్ళు చెప్పడానికి ఎవరి అనుమతీ తీసుకోకపోవడం, అంతే. ఇది మనకు కొత్తా? ఆటవెలదిలో చివరి పాదం మకుటానికి పోతే వేమనకు మిగిలింది మూడు పాదాలే. ఆ మూడు పాదాల్లోనే గుడినీ పూజారినీ కులాన్నీ ఉతికేశాడు. అతని పద్యాలను పండితులు కవిత్వంగా చూడడానికి నిరాకరించిన రోజుల్లో బ్రౌన్ దొర వాటిని సేకరించి 1829లో అచ్చు వేయించాడు. ఆయన మన కడపలో పనిచేసినవాడే. బద్వేలు దగ్గర గోపవరం మొల్ల తనకు వ్యాకరణమూ అలంకారాలూ తెలియవని ముందే చెప్పేసి రామాయణం రాసింది. తెలియదని చెప్పి మరీ రాయడంలో వున్న ధీమా చూడండి.

అయితే వేమనను వినేటప్పుడు మనం ఒక చెవి మూసుకోవాలి. ఆడదాని గురించి అతను అన్న మాటలు ఎంత విషమో మనకు తెలియనిది కాదు. పంక్ మగవాళ్ళు కూడా అంతే. రాణిని తిట్టారు, ప్రభుత్వాన్ని తిట్టారు, అదే నోటితో గర్భస్రావం చేయించుకున్న ఆడపిల్లనూ తిట్టారు. మన దిగంబర కవులనే చూడండి. లండన్ లో పంక్ పుట్టడానికి పదేళ్ళ ముందే తెలుగు సాహిత్యం మీద ఉమ్మి వేసిన ఆరుగురు. తొలి సంపుటిని 1965లో రిక్షా కార్మికుడి చేత, మూడో సంపుటిని 1968లో విశాఖలో ఒక బిచ్చగత్తె చేత ఆవిష్కరింపజేశారు. గొప్పే. కానీ ఆ ఆరుగురిలో ఒక్క స్త్రీ లేదు. పుస్తకం విప్పడానికి ఆడమనిషి కావాలి, రాయడానికి అక్కర్లేదు!

అందుకే పంక్ లో నేను ముందు నుంచీ ఆడవాళ్ళనే వెదుక్కున్నాను. 1991 ప్రాంతంలో అమెరికాలో బికినీ కిల్ వంటి బ్యాండ్ల చుట్టూ రయట్ గర్ల్ అనే ఉద్యమం వచ్చింది. వాళ్ళు కచేరీల్లో ఆడపిల్లల్ని ముందు వరసకు పిలిచారు. మగవాళ్ళ తోపులాటలో గోడకు నలిగిపోయేవాళ్ళకు చోటు ఇప్పించారు. చేత్తో రాసి, జిరాక్స్ తీసి, చిన్న పత్రికలు పంచారు. అది చదివినప్పుడు నాకు మన పొరుగు నెల్లూరే గుర్తుకు వచ్చింది. 1992లో దూబగుంటలో అక్షరదీపం తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ వేడి చిత్తూరుకు, కడపకు, కర్నూలుకు పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఆ రోజుల్లో పాటలు ఎవరు రాశారని ఎవరూ అడగలేదు. సుబ్బి పాట, గొబ్బి పాట, దంపుళ్ళ పాట ఏది నోటికి వస్తే దానిలో సారా కాంట్రాక్టరు పేరు పెట్టి పాడేశారు. పేరు పెట్టి! ఇప్పుడు మన పాటల్లో ఎవరి పేరైనా వుంటుందా?

ఇక్కడే నా తగాదా మొదలవుతుంది. ఆ తర్వాత మన పాటలకు ఏమైంది? కళాజాతకు బడ్జెట్ వచ్చింది. బడ్జెట్ తోబాటు అంశం వచ్చింది. మరుగుదొడ్డి పాట, పొదుపు పాట, చేతులు కడుక్కునే పాట, ఆడపిల్లను చదివించు పాట. ఒక్కొక్కటీ మంచిదే, కాదనను. కానీ వాటన్నిటిలోనూ తప్పు చేసేది ఆడమనిషే, మారవలసింది ఆడమనిషే. అప్పులవాడు లేడు, మేస్త్రీ లేడు, నీళ్ళు మళ్ళించుకున్నవాడు లేడు. నేనూ ఇలాంటివి రాశాను, నిజం చెప్పాలి. రెండు చరణాలు, ఒక నీతి, చివర పథకం పేరు. నివేదికలో "చైతన్య గీతాలు : 6" అని నింపి సంతకం పెట్టాను.

పంక్ కీ ఇదే జరిగింది. చిరుగుల చొక్కా, పిన్నీసు పెద్ద దుకాణాల్లో అమ్మకానికి వచ్చాయి. పాత అభిమానులు, ఎక్కువగా మగవాళ్ళు, "1980 తర్వాత పంక్ చచ్చిపోయింది, ఇప్పటి పిల్లల్లో ఏముంది" అని పాత రికార్డులు తుడుచుకుంటూ కూర్చున్నారు. మన సభల్లో "ఆ రోజుల పాటలే పాటలు, ఇప్పటి పిల్లలకు రీల్సు తప్ప ఏం తెలుసు" అనే గొంతు దీనికి అక్కచెల్లెలు. ఈ మాట అనేవాళ్ళు వెదికి చూసి అంటున్నారా? నేను వెదికాను. నాకు దొరికినవి కొన్ని చెబుతాను.

లాస్ ఏంజెలెస్ లో నలుగురు చిన్నపిల్లలు, లిండా లిండాస్. చైనావాళ్ళకు దూరంగా వుండమని మా నాన్న చెప్పాడని తరగతిలో ఒక పిల్లవాడు అన్న మాటకు కోపం వచ్చి పాట కట్టారు. 2021లో ఒక గ్రంథాలయంలో పాడారు. డ్రమ్స్ వాయించే పిల్లకు అప్పుడు పదేళ్ళు. పుస్తకాల బీరువాల మధ్య ఆ అరుపు వింటే మన శాఖా గ్రంథాలయాలు ఎందుకు అంత నిశ్శబ్దంగా వున్నాయనిపిస్తుంది. లండన్ లో బిగ్ జోని ముగ్గురు నల్లజాతి స్త్రీల బ్యాండుగా 2013లో మొదలై, పంక్ తెల్లవాళ్ళ సొత్తు కాదని పాడింది. చెన్నైలో 2018 జనవరిలో క్యాస్ట్ లెస్ కలెక్టివ్ వేదిక ఎక్కినప్పుడు ఆ గుంపులో ఒకే ఒక స్త్రీ, ఇసైవాణి. గానా పాట చావు ఇళ్ళ దగ్గరా, వీధుల్లోనూ మగవాళ్ళు పాడేది. ఆమె దానిలోకి దూరింది. స్త్రీల ఆలయ ప్రవేశం గురించి పాడిన పాటకు, ఏళ్ళు గడిచాక 2024లో కూడా ఫిర్యాదులూ బెదిరింపులూ ఎదుర్కొంది. ఇది పంక్ అవునా కాదా అని గిటారు లెక్కలు తీసేవాళ్ళతో నాకు పని లేదు.

ఓడిపోయినవాళ్ళనూ చెప్పుకోవాలి. శ్రీనగర్ లో ప్రగాష్ అనే ముగ్గురు స్కూలు పిల్లల బ్యాండు 2012 డిసెంబరులో ఒక పోటీలో వాయించింది. ఫిబ్రవరి కల్లా ఫత్వా వచ్చింది, ఇంటర్నెట్ లో బూతులు వచ్చాయి, పిల్లలు మానేశారు.  వాళ్ళకు అండగా ఆ రోజు ఎన్ని మహిళా సంఘాలు నిలబడ్డాయి?

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ఇండోనేసియాలోని సుకతాని. ఒక ఆడ, ఒక మగ, ఇద్దరే. ముఖాలకు ముసుగులు, కచేరీలో జనంలోకి కూరగాయలు విసరడం. పోలీసుల లంచాల మీద "కట్టు కట్టు కట్టు" అనే అర్థం వచ్చే పాట పాడారు. బండి లైసెన్సుకు కట్టు, దొంగతనం చెప్పుకోవడానికి కట్టు. 2025 ఫిబ్రవరిలో ముసుగులు లేకుండా వీడియోలో కనబడి పోలీసు శాఖకు క్షమాపణ చెప్పి పాట వెనక్కి తీసుకున్నారు. పాడిన స్త్రీ పంతులమ్మ. ఆమె ఉద్యోగం పోయింది. నియమావళి ఉల్లంఘించిందని స్కూలు చెప్పింది. ఆ తర్వాత జరిగింది వినండి. పాటను వెనక్కి తీసుకున్నాక జనం వీధుల్లో అదే పాట పాడారు. పోలీసు పెద్ద వాళ్ళిద్దర్నీ తమ శాఖకు రాయబారులుగా వుండమన్నాడు. వాళ్ళు వద్దన్నారు.

ఆ ఆఖరి ముక్క మన సంస్థల గోడల మీద రాయించాలనిపిస్తుంది. బెదిరింపు తర్వాత వచ్చే రెండో ఆయుధం ఆహ్వానం. "మీ పాట బాగుంది, మా కార్యక్రమంలో పాడండి, కాస్త మార్చి." మనకు బెదిరింపు తక్కువ, ఆహ్వానాలు ఎక్కువ.

రాయలసీమలో పాట కట్టడానికి విషయం లేక మానేశామా? 2024 నవంబరులో దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి జనం రోడ్డెక్కారు, ప్రభుత్వం ఆపింది. ముఠా కక్షల ఊరుగా మాత్రమే పేపర్లకు తెలిసిన ఊరు అది. తుమ్మలపల్లె గని చుట్టుపక్కల నీళ్ళ గురించి ఏళ్ళ తరబడి మొర వినబడుతూనే వుంది. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ ఇళ్ళల్లో పనికి పోయిన ఆడవాళ్ళున్నారు. సీమ అంటే సినిమాకు సుమోలు, వేటకొడవళ్ళు, తొడ కొట్టడం. 1999 నుంచి ఆ చప్పుడుతో మన చెవులు పోయాయి. దాన్ని కోపమని ప్రపంచం నమ్మింది. అది కోపం కాదు, పెత్తనం. ఆ కక్షల్లో తాళి తెగిన వాళ్ళ కోపానికి మైకు ఎక్కడ వుంది?

ఇక బూతుల సంగతి. తప్పించుకోను. ఆ అమ్మాయి పాటలో మేస్త్రీని తిట్టిన ఒక తిట్టు నిజానికి వాడి తల్లిని తిట్టిన తిట్టు. అది నాకూ గుచ్చుకుంది. మగవాణ్ణి తిట్టాలన్నా ఆడదాని ఒళ్ళే కావలసి వచ్చే భాష మనది. ఆ ఒక్క మాట గురించి ఆమె పక్కన కూర్చుని వాదించి వుండవలసింది. "ఇది వాడికి తగలడం లేదు తల్లీ, మనకే తగులుతోంది, ఇంకేం అందాం?" అని అడిగి వుంటే ఆమె ఇంకా వాడియైనది వెదికి వుండేది. కానీ మనం తీసేయమన్నది ఆ ఒక్క మాటనే కాదు. "యాడికి పోతాండావే" అని మేస్త్రీ అడిగే మాటను "ఎక్కడికి వెళుతున్నావు" అని మార్చమన్నాం. పళ్ళెం బదులు డోలక్ అన్నాం. కులాన్నీ కూలినీ కడిగేసి, మిగిలినదాన్ని పాట అనుకున్నాం. సభ్యత అనే జల్లెడలో ఎప్పుడూ కిందికి రాలిపోయేది ఎవరి మాటలో ఈ పత్రిక చదివేవాళ్ళకు నేను చెప్పాలా?

ఇంకొక సంగతి. మనం ఏటా మార్చి 8న కర్నూల్లో సభ పెట్టుకుంటాం. ఆ రోజున కోసిగి, మంత్రాలయం, ఆదోని మండలాల ఆడవాళ్ళు వేల సంఖ్యలో మిరపచేలల్లో వుంటారు. వాళ్ళ గురించి తీర్మానం చేస్తాం, వాళ్ళు లేకుండా. తేదీ మార్చలేకపోతే చోటు మార్చవచ్చు. ఈసారి ఆ పూట గుంటూరు వైపు చేలగట్టుకే పోదామని కార్యవర్గానికి రాసి ఇచ్చాను. బ్యానరు వద్దు, ముఖ్య అతిథి వద్దు, ముందుగా చూసి ఇచ్చిన పాటల పట్టిక వద్దు. చీకటి పడ్డాక కాయ కోత ఆగుతుంది, అప్పుడు ఎవరికి పాడాలనిపిస్తే వాళ్ళు పాడతారు. మేస్త్రీ అక్కడే వుంటాడు కాబట్టి పాడినవాళ్ళకు మర్నాడు పని పోకుండా చూసే బాధ్యత మనది, ఆ మాట ముందే వాళ్ళతో కూర్చుని తేల్చుకోవాలి. బస్సు ఖర్చు ఏ పద్దు కింద రాయాలని కోశాధికారి అడుగుతున్నారు. ఇంకా తేలలేదు. ఆ అమ్మాయికి ఫోను చేశాను. "వస్తే రాండి. పళ్ళెం తెచ్చుకోండి, ఈడ ఉండేవి రెండే" అంది.