బిడ్డలకై తగవు నడుచునప్పుడు ఇంట తుపాకి యుండరాదు

ఎన్నికల ప్రకటన వెలువడినంతనే లైసెన్సు తుపాకులు గల రైతులు వానిని పోలీసు స్టేషనులో అప్పగించుట మన ప్రాంతమున క్రొత్త సంగతి కాదు. 2024 మే నెలలో జరిగిన ఎన్నికలకు ముందును ఇట్లే జరిగినది. తుపాకి నిచ్చి, రశీదు పుచ్చుకొని, వోట్ల లెక్క ముగిసి అంతయు సద్దుమణగిన పిమ్మట తిరిగి తెచ్చుకొందురు. దీనివలన తన పరువు పోయెనని యే రైతును తలంపడు. తుపాకి లేని ఆ దినములలో అడవిపందులు చేలో పడి కొంత తినును. దానిని కూడ సహింతుము. ఊరిలో రెండు కక్షలవారు ఆవేశపడి యుండు కాలమున ఆయుధము ఇండ్లలో లేకుండుటయే మేలని మనకు తెలియును.

అట్టి రైతే తన యింట భార్యాభర్తలకు పొసగక, బిడ్డ లెవరి యొద్ద నుండవలె నను తగవు కోర్టు కెక్కినప్పుడు, గోడ మేకునకు వ్రేలాడు తుపాకిని కదలింపడు. ఎవరు చెప్పినను వినడు. ఊరి తగవు కన్న ఇంటి తగవున ఆవేశము తక్కువయని యెవరు చెప్పగలరు? అట్టివాడు ఒకరు అడుగక మునుపే తనంతట తాను తుపాకిని అప్పగించి రశీదు దాచుకొనవలె ననియే మా అభిప్రాయము. మొదట ఇది బిడ్డల మేలు కొరకు; తరువాత, అతని మేలు కొరకే.

ఈ తలంపు మాకు కలుగుటకు ఒక కారణము కలదు. కొంత కాలము క్రిందట ఒక రైతు చెరకు తోటలో పందుల బెడద చూపుటకై మమ్ము పిలిచెను. చేను చూచిన పిదప మజ్జిగ త్రాగుటకు ఇంటికి తీసికొని పోయెను. ఇల్లు చిన్నబోయి యున్నది. భార్య ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని పుట్టింటికి పోయి నాలుగు మాసములైనది. బిడ్డలను తన కిప్పింపుమని ఇతడు అర్జీ పెట్టెను. ఆమెయు వేరొక అర్జీ పెట్టెను. మంచము పైన గోడకు రెండే వస్తువులున్నవి: బిడ్డలు బడిలో తీయించుకొన్న ఫొటో, దాని ప్రక్కనే తుపాకి.

ఆమె అర్జీలో ఒక మాట అతనిని మిక్కిలి నొప్పించినదట. జగడమాడిన రాత్రి తన భర్త తుపాకి దించి ఒడిలో పెట్టుకొని కూర్చుండె నని ఆమె వ్రాయించినది. "బాబుగారూ, నే నెన్నడైనను దానిని మనిషి మీదికి ఎత్తితినా? తుప్పు పట్టకుండ రెండు మాసముల కొకసారి నూనెగుడ్డతో తుడుతును. ఆ రాత్రియు తుడిచితిని, అంతియే" అని అతడు మాతో చెప్పెను. మేము నమ్మితిమి. కాని తలుపు చాటున బిడ్డలను పొదివికొని నిలిచిన ఆ యిల్లాలు చూచినదేమి? ఆమెయు అబద్ధము చెప్పలేదు. జరిగిన పని యొక్కటే. అది అతనికి నూనెగుడ్డ, ఆమెకు ప్రాణభయము. ఆ రెండింటిలో దేనిని నమ్మవలెనో తేల్చవలసినవాడు మేము కాము, ఆ రాత్రి అక్కడ లేని న్యాయాధిపతి. అతడు చేసిన తప్పు తుపాకి తుడుచుట కాదు, ఆ దినములలో దాని నింట నుంచుట.

గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించు చట్టము 2005లో పుట్టి 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చినది. దాని క్రింద స్త్రీ మేజిస్ట్రేటునకు అర్జీ పెట్టుకొనవచ్చును. మొదటి వాయిదా సాధారణముగా మూడు దినములలోపుననే వేయవలెను. అవసరమని తోచినచో ఆమె ప్రమాణపత్రము మీదనే, భర్త మాట వినక మునుపే, తాత్కాలికపు ఉత్తర్వు నీయవచ్చును. బిడ్డలను తాత్కాలికముగా ఆమె కప్పగింపవచ్చును. తండ్రి చూడవచ్చుటయే బిడ్డకు హాని యని తోచినచో దానిని సైతము నిరాకరింపవలెను. 2006 నాటి నియమములలో పదియవది మన రైతులలో పెక్కురు వినియుండరు. హింసలో పాలు గలదని చెప్పబడిన ఆయుధమును స్వాధీనపరచుకొనుటకు రక్షణాధికారి మేజిస్ట్రేటు ఆజ్ఞపై పోలీసుల సాయము తీసికొనవచ్చునని అందు స్పష్టముగా నున్నది. అనగా నీవు అప్పగింపని తుపాకిని నలుగురు చూచుచుండగా వారే వచ్చి తీసికొని పోవుదురు. నీ చేతులతో ఇచ్చి వచ్చుటకును, దీనికిని ఎంత భేదమో వేరుగా చెప్పనక్కర లేదు.

ఇక బిడ్డల మాట. "నేను తండ్రిని, చట్టము నా పక్షమే" యని పలుకువారు మనలో నున్నారు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము తండ్రిని సహజ సంరక్షకు డనినమాట నిజమే. కాని ఐదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లి యొద్దనే యుండవలెనని అదే సెక్షనులో నున్నది. అన్నిటికన్న బిడ్డ క్షేమమే ముఖ్యమని ఆ చట్టపు పదుమూడవ సెక్షను చెప్పుచున్నది. 1890 నాటి గార్డియన్ల చట్టము ప్రకారము కోర్టు అడుగువాని నడతను కూడ చూడవలెను. బిడ్డలు తలిదండ్రుల సొత్తును కారు, ఆటబొమ్మలును కారు అని సుప్రీం కోర్టు 1973లోనే తీర్పు చెప్పినది. కాబట్టి న్యాయాధిపతి నీ హక్కును కాదు, నీ యిల్లును తూచును. ఏ యింట బిడ్డ నిర్భయముగా నిద్రించును? ఆ తూనికలో మేకునకు వ్రేలాడు తుపాకి ఏ వైపునకు బరువగునో రైతే ఊహించుకొనవచ్చును.

మేము చిన్నతనమున మిషను బడిలో చదివిన సొలొమోను రాజు కథ ఇచట తలంపునకు వచ్చుచున్నది. ఒక బిడ్డకై ఇద్దరు స్త్రీలు తగవులాడగా రాజు కత్తి తెప్పించెను. కత్తిని చూచి బిడ్డను వదలుకొన్న ఆమెకే బిడ్డ దక్కెను. ఆయుధము వచ్చిన తావున ఎవరు మొదట వెనుకకు తగ్గుదురో వారిదే నిజమైన ప్రేమ యని ఆ రాజు కనిపెట్టెను. మన న్యాయాధిపతులు కత్తి తెప్పింపరు. మనమే మన యింట తుపాకి యుంచుకొని పరీక్ష తెచ్చిపెట్టుకొనుచున్నాము.

తుపాకి నప్పగించిన తప్పు ఒప్పుకొన్నట్లు కాదా యని ఆ రైతు మమ్మడిగెను. కాదు. ఎన్నికలకు అప్పగించిన వారందరు దొమ్మీలు చేసినవారా? పోలీసు స్టేషనులో గాని, భద్రపరచుటకు అనుమతి గల తుపాకి వర్తకుని యొద్ద గాని అర్జీతో ఇచ్చి, తుపాకి నంబరు, తూటాల లెక్క, తేదీ వ్రాయించి రశీదు పుచ్చుకొనవలెను. నకలును ప్లీడరున కీయవలెను. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకొని పోయిన అల్లూరి సీతారామరాజు సైతము తీసికొన్న ఆయుధముల లెక్కను ఠాణా పుస్తకమున వ్రాసి సంతకము చేసెనని మన పెద్దలు చెప్పుదురు. తుపాకి చేతులు మారునపుడు కాగితమెంత ముఖ్యమో ఆయనకు తెలిసియే యుండెను.

కొందరు తెలివిగా తలంచి తుపాకిని అన్నదమ్ముని యింటనో బావమరిది యింటనో దాచుదురు. ఇది పెద్ద పొరపాటు. లైసెన్సు ఒకరి పేర నుండగా తుపాకి వేరొకరి యింట నున్నచో ఇద్దరును 1959 నాటి ఆయుధముల చట్టము క్రింద చిక్కుకొందురు. నాటు తుపాకి గలవారి సంగతి చెప్పనే అక్కరలేదు. దానికి లైసెన్సే లేదు. 2019 సవరణతో శిక్షయు పెరిగినది. ఇంటి తగవులో అది బయటపడుటకు ఒక్క మాట చాలును.

లైసెన్సు రద్దగునేమో యను భయము మరొకటి. ప్రజల శాంతిభద్రతలకు అవసరమని గాని, లైసెన్సుదారుడు అనర్హుడని గాని తోచినచో అధికారి పదునేడవ సెక్షను క్రింద లైసెన్సును నిలుపవచ్చును, రద్దు చేయవచ్చును. కాని కారణములు వ్రాయవలెను. వానిపై అప్పీలు కలదు. కేసు నడుచుచున్నంత మాత్రమున లైసెన్సు రద్దు చేయరాదని అలహాబాదు హైకోర్టు పలుమారు చెప్పినది. అప్పీలులో నిలుచువానికి తనంతట తాను అప్పగించిన రశీదు కన్న మంచి సాక్ష్య మేమి కలదు?

అమెరికాలో నున్న మన పిల్లల కొరకును ఒక మాట. తుపాకి కలిగియుండుట అచట రాజ్యాంగపు హక్కు. అయినను ఇంటివారికి హాని చేయరాదని కోర్టు ఉత్తర్వు పొందినవాడు తుపాకి నుంచుకొనరాదని 1994లో శాసనము చేసిరి. అది చెల్లునని వారి సుప్రీం కోర్టు 2024 జూనులో ఎనమండుగురు ఒక వైపున, ఒక్కరు మరొక వైపున తీర్పు చెప్పినది. హక్కుగా నున్న చోటనే ఇట్లుండగా, లైసెన్సు అనుగ్రహముగా నున్న మనచోట వాదించుట కేమున్నది?

చెప్పుటకు కష్టమైన సంగతి ఒకటి మిగిలినది. బిడ్డల గొంతు వినబడని యింట ఒంటరిగా పడుకొను మగవానికి రాత్రులు మిక్కిలి దీర్ఘములు. ఆ వేళ చేతికందు దూరమున తుపాకి యుండుట ఇతరుల కన్న అతనికే అపాయము. పురుగుమందుల విషయమున మేమిది కన్నులార చూచితిమి. కోపము, దుఃఖము గడియసేపటివి. ఆ గడియలో చేతికి దొరకనిచో మనిషి బ్రతుకును. శ్రీలంకలో మిక్కిలి విషమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించిన పిదప, రెండు దశాబ్దములలో ఆత్మహత్యలు సగమునకు పైగా తగ్గినవి. అందుచేత తుపాకితో పాటు మందు డబ్బాలును ఇల్లు దాటవలెను. మనసు నిలువనప్పుడు 14416 నంబరునకు ఫోను చేసినచో ఏ వేళ నైనను తెలుగులో మాటాడువారున్నారు. ప్రక్కయింటివాడు పిలువకయే పోయి అరుగు మీద కూర్చుండుట అంతకన్న మేలు.

మరి పందుల మాట యేమి? తుపాకి లైసెన్సు పందిని చంపుటకు అనుమతి కాదని మొదట తెలిసికొనవలెను. 1972 వన్యమృగ సంరక్షణ చట్టము క్రింద అటవీశాఖ అధికారి యనుమతి వేరుగా కావలెను. కనుక మన తుపాకులు చాలవరకు చప్పుడు చేసి బెదరించుటకే. ఆ పనికి వేరు మార్గములున్నవి. వేరుసెనగ, మొక్కజొన్న చేల చుట్టును నాలుగు వరుసల ఆముదము దగ్గరదగ్గరగా వేసినచో దాని వాసనకు పంది లోపలి పైరును పసికట్టలేదు, ఆముదమును తినదు. మంగలి కొట్టులోని వెండ్రుకలను గట్టు పొడవున చల్లినచో నేల వాసన చూచుచు వచ్చు పందికి అవి ముక్కున చిక్కి వెనుకకు మరలును. వాన పడిన పిమ్మట మరల చల్లవలెను. పాత చీరలు రంగురంగులుగా కట్టుటయు కొంత పనిచేయును. కరెంటు తీగ మాత్రము ఎన్నడును కట్టరాదు. దానికి పంది కన్న ముందు మనిషియే బలియగుట పలుచోట్ల జరిగినది. చెరకు తోటకు మాత్రము ఇవి యేవియు పూర్తిగా చాలవు. అచట మంచె మీద మనిషి కావలి యుండవలసినదే.

బిడ్డల వ్యాజ్యము మూడు మాసములలో తేలునది కాదు; ఏండ్లు పట్టవచ్చును. 2019 సవరణ తరువాత ఆయుధ లైసెన్సు ఐదేండ్లకు చెల్లును. తుపాకి స్టేషనులో నున్నది కదా యని లైసెన్సు గడువును మరచినవారు తిరిగి తెచ్చుకొను హక్కును పోగొట్టుకొందురు. గడువు దాటి నిలిచిపోయిన ఆయుధము ప్రభుత్వపరమగును. కనుక రశీదుతో పాటు గడువు తేదీని కూడ పంచాంగమున వ్రాసికొని, ముందుగనే పునరుద్ధరణకు అర్జీ పెట్టుకొనవలెను.

తుపాకి నప్పగించిన రైతు చేనికి వంతుల వారీగా కావలి కాయుటకు ప్రక్క చేల సభ్యులు ముందునకు రావలెనని సంఘపు సర్వసభ్య సమావేశమున మేము ప్రతిపాదింప నున్నాము. మేము పైని చెప్పిన రైతు చెరకు ఇంకను చేననే యున్నది. అతని వంతు మొదట వేయుదుము.