కలుపు ఎవరికి?

కూచిపూడి రంగం మీద మత్స్యావతారం వచ్చినప్పుడు బోర్లించిన చేతి వెనక మీద రెండో అరచెయ్యి బోర్లించి బొటనవేళ్లు కదిలిస్తారు. చేప ఈదుతుంది, చప్పట్లు మోగుతాయి. ఊరి చుట్టూ కాలువల్లో ఈదే చేప ఏమైందని మాత్రం ఎవరూ అడగరు. కృష్ణా డెల్టా యానాదులం, మేం అడుగుతున్నాం.

మేం అడిగేది వాలుగ గురించి. కవులు ఆడవాళ్ల కళ్లను వాలుగలతో పోల్చారు. మేం పట్టే వాలుగకు కన్ను చిన్నది, నోరు పెద్దది. ఒంటి మీద పొలుసుండదు. మనిషి పొడవు పెరగగలదు. వానలు మొదలవగానే పల్లపు నీళ్లలోకి ఎక్కి గుడ్లు పెడుతుంది. ఇవాళ అది ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ముప్పున్న చేప.

'మీరే పట్టి తిన్నారు' అంటారు. పట్టాం, తిన్నాం. కానీ మా ఊతా గాలమూ చెరువును ఖాళీ చెయ్యవు. చేపల చెరువుల పద్ధతి చేస్తుంది. బొచ్చె, శీలావతి పిల్లల్ని వదిలే ముందు చెరువులో ఉన్న ప్రాణాన్నంతా చంపమంటుంది ఆ పద్ధతి. మీటరు లోతు నీటికి హెక్టారుకు 2,500 కిలోల ఇప్పచెక్క కలపాలట. పరిగెలకు దాని పుస్తకాల్లో పేరు 'కలుపు చేపలు'. వాలుగకూ కొర్రమీనుకూ 'వేటాడే చేపలు' అని పేరు. రెంటికీ శిక్ష ఒకటే. ఏజెన్సీలో మన అన్నదమ్ములు తల్లిగా చూసుకునే ఇప్పచెట్టు పిప్పితోనే మా చేపను చంపుతున్నారు.

మరి ఆఫ్రికా నుంచి వచ్చిన క్యాట్‌ఫిష్? దాన్ని 2000లో కేంద్రం నిషేధించింది. అయినా పెంపకం ఆగక 2019లో హరిత ట్రిబ్యునల్ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. పరాయి చేపకు దొంగదారిలో చోటుంది. ఇక్కడ పుట్టిన చేపకు విషం.

వాలుగను కాపాడదామంటే మేం ముందుంటాం. గుడ్లు పెట్టే వానాకాలంలో దాన్ని ముట్టుకోం. కానీ ఆ రోజుల్లో మా పొయ్యి ఎలా వెలగాలి? సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపితే ప్రభుత్వం భృతి ఇస్తోంది. మాకూ అలాగే ఇవ్వండి. ప్రతి మండలంలో విషం పడని చెరువు ఒక్కటైనా నాటు చేపలకు విడిచిపెట్టండి. దాని మీద హక్కు యానాదులకు రాసివ్వండి.

ఇది కొత్త న్యాయం కాదు. కూచిపూడిని భాగవతులకు అగ్రహారంగా తానీషా ఇచ్చాడని ఆ ఊళ్లోనే చెప్పుకుంటారు. ఆడేవాళ్లకు కాలు మోపే నేల దొరికింది కాబట్టే ఆట నిలిచింది. వాలుగ నడక తెలిసినవాళ్లం మేం. మాకు నీళ్లు కావాలి.

చేపను కలుపన్నవాళ్లే కాలువగట్టు మీది మా గుడిసెను ఆక్రమణ అంటున్నారు. రెండు మాటలూ వెనక్కి తీసుకోవాలి.