వారానికో కృత్యం: పాతబస్తీ ప్రాథమిక తరగతి గదుల్లో ఫలితాన్ని కొలవవలసిన తీరు

హైదరాబాద్: ప్రాథమిక పాఠశాలల్లో కృత్యాధార బోధన మన ఉపాధ్యాయులకు కొత్త కాదు. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1980వ దశకంలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు బోధనా సూత్రాలను అందించింది. చేయడం ద్వారా నేర్చుకోవడం, పిల్లల మధ్య వ్యక్తిగత భేదాలను గుర్తించడం, స్థానిక పరిసరాలను వినియోగించుకోవడం వాటిలో ముఖ్యమైనవి.

ఈ బోధనకు వారం లెక్కన క్రమబద్ధమైన రూపం ఇటీవలి కాలంలో వచ్చింది. 2022 జనవరి 1న కేంద్ర విద్యాశాఖ ప్రారంభించిన వంద రోజుల పఠనోద్యమంలో పిల్లలను మూడు బృందాలుగా విభజించి, ఒక్కొక్క బృందానికి వారానికి ఒక కృత్యం చొప్పున 14 వారాల ప్రణాళికను నిర్దేశించారు. అదే సంవత్సరం ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం 1 నుంచి 5 తరగతులకు 'తొలిమెట్టు' కార్యక్రమాన్ని చేపట్టింది. మూడవ తరగతి పూర్తి చేసే ప్రతి బాలిక, బాలుడు అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని, 9,999 వరకు సంఖ్యలను గుర్తించాలని 2021లో ఆరంభమైన జాతీయ నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యంగా పెట్టుకున్న విషయం విదితమే.

హైదరాబాద్ పాతబస్తీలో ఈ లక్ష్యసాధనకు భాషాపరమైన అదనపు శ్రద్ధ అవసరమవుతున్నది. ఇక్కడి పిల్లల్లో అనేకులు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. 2018 నాటి చట్టం ప్రకారం పాఠశాలల్లో తెలుగు తప్పనిసరి బోధనాంశం. 2022-23 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. ఆరేళ్ల పసివారు ఒకేసారి మూడు లిపులను ఎదుర్కొంటున్నారు. కృత్యం అర్థం కాని భాషలో సాగితే అది ఆటగానే ముగుస్తుంది.

ఇంటి భాష నుంచి బడి భాషకు వారధి వేసే సామగ్రి మాత్రం చేతికందే దూరంలోనే ఉన్నది. కలం, కాగితం, కుర్చీ, దుకాణం, బజారు వంటి పదాలు ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. పిల్లలకు అర్థం ముందే తెలిసిన ఇటువంటి పదాలతో తెలుగు అక్షరాలను పరిచయం చేసినట్లయితే, వారం శ్రమ అక్షరం మీదనే నిలుస్తుంది. లాడ్‌బజార్ గాజులను డజన్లుగా పేర్చి 12వ ఎక్కం, చార్మినార్ నాలుగు మినార్ల బొమ్మతో 4వ ఎక్కం చెప్పవచ్చు. ఇందుకు ప్రత్యేక నిధులు అక్కరలేదు.

ఆచరణలో ఇబ్బందులు లేకపోలేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. అంటే ఐదు తరగతులను ఇద్దరే పంచుకోవాలి. ఒక తరగతి కృత్యంలో నిమగ్నమైనప్పుడు మరొక తరగతికి స్వయంగా చేసుకునే పని ముందే సిద్ధం చేయవలసి ఉంటుంది. రంజాన్ మాసంలో ఉర్దూ మాధ్యమ పాఠశాలల పనివేళలు కుదించడం ఆనవాయితీ కనుక, ఆ వారాల ప్రణాళికను అందుకు తగినట్లు ముందుగానే తగ్గించి రాసుకోవడం మేలు.

అన్నిటికన్న ముఖ్యమైనది వారాంతపు పరిశీలన. ఎన్ని కృత్యాలు నిర్వహించారన్న సంఖ్య నివేదికలో సులభంగా చేరుతుంది. ఏ బిడ్డ ఇంకా వాక్యం చదవలేకపోతున్నదో మాత్రం ఆ సంఖ్యలో కనిపించదు. శనివారం నాటికి వెనుకబడిన పిల్లల పేర్లు ఉపాధ్యాయుని దినచర్య పుస్తకంలో ఉండి, సోమవారం నాటి పాఠ్యపథకం వారితో మొదలైనప్పుడే ఆ వారం కృత్యం సార్థకమైనట్లు. లేనిచో ఒక వారం జారిన బిడ్డ మరుసటి వారం మరికొంత జారి, మూడవ తరగతికి చేరేనాటికి పుస్తకం ముందు మౌనంగా కూర్చుంటుంది.

కనుక పర్యవేక్షణాధికారులు పాఠశాల సందర్శన సమయంలో రిజిస్టరులోని కృత్యాల జాబితాతో సరిపెట్టక, ఇద్దరు ముగ్గురు పిల్లల చేత స్వయంగా చదివించి చూడటం, గత వారం వెనుకబడినవారి కోసం ఈ వారం ఏమి చేశారని ఉపాధ్యాయులను అడిగి తెలుసుకోవడం అవసరం. కాంప్లెక్సు సమావేశాలలో ఉర్దూ, తెలుగు ఉపాధ్యాయులు ఒకచోట కూర్చుని ఉమ్మడి పదాల పట్టికలను, కృత్యాలను రూపొందించుకుంటే పాతబస్తీ పిల్లలకు మరింత ప్రయోజనం చేకూరుతుంది.